చప్పుడు మారిన బండి

పొద్దున ఎనిమిది కాకముందే అశోక్‌నగర్ సందులన్నీ మేలుకుంటాయి. భుజానికి సంచీ, చేతిలో నోట్సు... ఎటు చూసినా పోటీ పరీక్షల కుర్రాళ్లే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే తొందరగా వెళ్లాలి మరి! ఆ ప్రశాంతతలోకి చెవులు చిల్లులు పడేలా ఓ బండి దూసుకొచ్చేది. పుస్తకాల్లోంచి తలలు లేచేవి. మిర్యాలగూడ నుంచి గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చిన ఆ కుర్రాడికి అదో సరదా.

బండి యమహా ఆర్ఎక్స్ 100. 1985లో మన రోడ్ల మీదికొచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన మోడల్. ఇంజను 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్. కాగితం మీద చిన్న లెక్కే కానీ, దాని పరుగు చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. వాళ్ల నాన్న 1994లో కొన్నాడు. వరిపొలానికీ, బడికీ, ఆస్పత్రికీ అదే దిక్కు. కొడుకు హైదరాబాద్ బయల్దేరిన రోజున తాళంచెవి చేతిలో పెట్టి 'జాగ్రత్త' అన్నాడంతే.

కుర్రాడు మొదట చేసిన పని సైలెన్సర్ మార్చడం. పాతది తీసి హాస్టల్‌లో మంచం కింద పడేశాడు. చప్పుడు అదిరింది. పదిహేను రోజులు గడిచాయో లేదో తేడా మొదలైంది. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి గుంజుకోవడం లేదు. సగం దూరంలోనే ఆయాసపడుతోంది. ఇంజను కాలిపోతున్నట్టు వేడి. ఓ సాయంత్రం చిక్కడపల్లి సందులో ముప్ఫై ఏళ్లుగా ఇవే బండ్లు బాగుచేస్తున్న మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ వెళ్లాడు.

ఆయన బండిని స్టార్ట్ కూడా చేయలేదు. ప్లగ్గు విప్పి వెలుగులో చూశాడు. కొస తెల్లగా సున్నం కొట్టినట్టుంది.

''ఆకలి మీదున్నది తమ్మీ, నీ బండి'' అన్నాడు.

''మొన్ననే ట్యాంకు నిండా పోయించినన్నా!''

''ట్యాంకుల పోస్తే సరిపోద్దా? ఇంజన్ల పడాలె గదా!''

అసలు విషయం అక్కడే ఉంది. టూస్ట్రోక్ ఇంజనుకి సైలెన్సర్ అంటే పొగ పోయే గొట్టం మాత్రమే కాదు. సిలిండర్ నుంచి పొగతోపాటు కొంత తాజా పెట్రోలు మిశ్రమం కూడా బయటికి జారిపోతుంది. సైలెన్సర్ లోపలి ఆకారం తిప్పికొట్టే ఒత్తిడి అలే దాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. గొట్టం మారిస్తే ఆ లయ చెడుతుంది. దారి వెడల్పయ్యేసరికి గాలి ఎక్కువగా లాక్కుంటుంది. కార్బొరేటర్‌లో జెట్టు మాత్రం పాతదే. గాలి పెరిగినంతగా పెట్రోలు పెరగదు. అలా పలచబడిన మిశ్రమం విపరీతమైన వేడితో మండుతుంది. పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడలకు పట్టేస్తుంది. నడుస్తున్న బండి చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతే మనిషి ఏమవుతాడో చెప్పనక్కర్లేదు!

పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అందులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుకి మిశ్రమం ఇంకాస్త పలచన. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో వచ్చిన కొత్త బండ్లలో ఈ కొలతలు చూసుకునేది ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. పాత బండికి మాత్రం మెకానిక్ కళ్లూ చెవులే దిక్కు.

''సూదితో జెట్టు బెజ్జం పెద్దగ జెయ్యన్నా'' అన్నాడు కుర్రాడు, ఎవరో చెప్పింది విని.

''ఆ పని నేను జెయ్య. బెజ్జం వంకరైతే లెక్కే దొరకదు'' అంటూ ఆయన కార్బొరేటర్ విప్పాడు. పెట్రోలుతో కడిగి, ఒక నంబరు పెద్ద మెయిన్ జెట్టు బిగించాడు. థ్రాటిల్ నిండా తిప్పినప్పుడు పని చేసేది అది. సగం తిప్పినప్పటి కొలత సూదిది. దానికున్న క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు కాస్త ఎక్కువొస్తుంది. ఇక మెల్లగా నడిచేటప్పటి సంగతి ఎయిర్ స్క్రూది. పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, ఇంజను వేడెక్కాక చెవి పెట్టి సరిచేశాడు.

ఆదివారం తెల్లవారుజామున ఇద్దరూ ఇందిరాపార్కు దగ్గర కలిశారు. 2023లో మొదలైన ఉక్కు వంతెన అప్పటికింకా ఖాళీగా ఉంది. మెకానిక్కే హెల్మెట్ పెట్టుకుని బండిని వీఎస్టీ వైపు తీశాడు. వంతెన దిగి, పక్కకు ఆపి ప్లగ్గు విప్పాడు. బిస్కెట్ రంగు! నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే తక్కువైనట్టు, ఈ రంగొస్తే కడుపు నిండినట్టు.

''బండికైతే తిండి పెట్టిన. చప్పుడు మాత్రం నీ లెక్క. పోలీసులు పడితే నన్ను పిలవకు'' అన్నాడు.

పోలీసులు పట్టుకోలేదు. ఆ తర్వాతి వారం నాన్నొచ్చాడు.

కొడుక్కి పచ్చడి సీసా, కాసిన్ని బియ్యం తెచ్చి, అశోక్‌నగర్‌లో హాస్టల్ ముందు అరుగు మీద కూర్చున్నాడు. సందు మలుపులో బండి మోత వినబడగానే చెవులు మూసుకుని తల పక్కకు తిప్పుకున్నాడు. బండొచ్చి కాళ్ల ముందు ఆగాక గానీ చూడలేదు.

''నువ్వా బిడ్డా! ఇంకెవరిదో అనుకున్న'' అన్నాడు. కాసేపు ట్యాంకు నిమిరాడు. ''ఇంటికాడ ఇది ఊరి బయట ఉండంగనే మీ అమ్మ కంచం పెట్టేది. గుర్తుందా?''

అంతకుమించి ఒక్క మాట అనలేదు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున మంచం కింది సైలెన్సర్‌ని పాత లుంగీలో చుట్టుకుని కుర్రాడు చిక్కడపల్లి వెళ్లాడు. మెకానిక్ ఏమీ అడగలేదు. లోపలి మసి గీకి, కడిగి, ఆరబెట్టాడు. రేకు డబ్బాలోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో ఆ బండి పాత మెయిన్ జెట్టుంది.

''పారేయలేదా అన్నా?''

''సైలెన్సర్ వెనక్కొస్తే జెట్టు కూడా వెనక్కి రావాలె గద. లేకుంటే ఈసారి ప్లగ్గు నల్లగైతది.''

సూది క్లిప్పు పాత గాడిలోకి ఎక్కింది. ఇథనాల్ పెట్రోలుకి ఎయిర్ స్క్రూ ఒక పావు చుట్టు సర్దుకుంది. కిక్ కొట్టగానే ఇంజను మెత్తగా అందుకుంది. కుర్రాడు ఫోన్ తీసి మిర్యాలగూడకి కలిపి, సైలెన్సర్ దగ్గర పట్టుకున్నాడు. అవతలి నుంచి కాసేపు ఏ మాటా లేదు.

''ఆఁ... మనదే'' అన్నాడు నాన్న.