పంజాగుట్ట కూడలి, ఒక అరటిపండ్ల బండి

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలలో ఒక్కసారి నడచినవారికి కంప్యూటరు విద్య ఎంత సందడి గల విద్యయో వేరుగా చెప్పనక్కరలేదు. అంతస్తుకొక శిక్షణాలయం, స్తంభానికి నాలుగు ప్రకటనలు, చేతికి పది కరపత్రాలు. మా విద్యార్థులలో పలువురు సాయంకాలాలు అక్కడనే గడుపుతారు. సాహిత్యం బోధించే మాకు ఆ విద్యతో పని యేమని మిత్రులు అడుగుతున్నారు. పని ఈ సంచిక వల్లనే కలిగినది.

సంచిక నడిమి రెండు పుటలలో పంజాగుట్ట కూడలి దృశ్యం ముద్రించాలని సంపాదకవర్గం తలచినది. బి.ఎస్‌సి. విద్యార్థి ఒకడు ఫోనును ఎడమ నుండి కుడికి త్రిప్పి ఒక పొడవాటి చిత్రం తెచ్చాడు. అందులో వంతెన విల్లువలె వంగినది. ఒక సిటీబస్సుకు ముందు భాగం ఉన్నది గాని వెనుక భాగం లేదు. ఫోను ఎక్కడ అతికినదో, దేనిని పారవేసినదో ఒక్కమాట చెప్పదు. మమ్ము కలవరపెట్టినది వంకర కాదు, ఆ మౌనమే.

ఆ విద్యార్థియే తరువాత హ్యూగిన్ అనే ఉచిత సాధన సముదాయాన్ని మాకు పరిచయం చేశాడు. 1998లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్‌లో ఆచార్యుడైన హెల్ముట్ డెర్ష్ రచించిన పనోరమా టూల్స్ దీనికి మూలం. దీనిని బొమ్మలతో, మీటలతోను నడపవచ్చును; నల్లని తెరపై ఆజ్ఞలు వ్రాసియు నడపవచ్చును. మేము రెండవ మార్గమే ఎన్నుకొన్నాము. కళాశాలలోని పాత యంత్రాలకు అది భారం కాదు. పైగా, ఒక్క అక్షరం తప్పినా ముఖం మీదనే చెప్పే ఈ పద్ధతి భాషోపాధ్యాయులకు సహజంగానే నచ్చుతుంది.

ఒక ఆదివారం ఉదయం కూడలిలో ముక్కాలిపీటపై కెమెరా నిలిపి, ప్రతి చిత్రంలో మూడవవంతు పక్క చిత్రంతో కలిసేటట్లు ఏడు చిత్రాలు తీశాము. కెమెరాను పట్టుకొని మనిషి తిరగరాదు. కటకం ఉన్నచోటనే ఉండి తిరగవలె. లేకున్న దగ్గరి కటకటాలు దూరపు మేడల ముందు చోటు మారిపోతాయి. ఆ తరువాతి పని యంత్రానిది. ‘పీటీఓ జెన్’ అనే ఆజ్ఞ ఏడు చిత్రాలకు ఒక చిట్టా వ్రాస్తుంది. ‘సీపీఫైండ్’ పక్కపక్క చిత్రాలలో ఒకే వస్తువుకు చెందిన బిందువులను వెదకి జతపరుస్తుంది. ఒకే పోలికగల కిటికీలను చూచి అది మోసపోవడం కద్దు. అట్టి తప్పు జతలను ‘సీపీక్లీన్’ ఏరివేస్తుంది. ‘లైన్‌ఫైండ్’ నిలువుగీతలను పట్టుకొంటుంది. మెట్రో స్తంభాలు పంజాగుట్ట అందాన్ని పెంచినవో తగ్గించినవో మేము చెప్పలేము గాని, ఈ ఆజ్ఞకు మాత్రం అవి గొప్ప ఉపకారం చేసినవి. ‘ఆటో ఆప్టిమైజర్’ ఆ జతల మధ్య దూరం కనిష్ఠమయ్యేటట్లు ప్రతి చిత్రాన్ని త్రిప్పి, కటకం వల్ల ఉబ్బిన గీతలను మూడు గుణకాలతో చక్కదిద్దే లెక్క కడుతుంది. ‘నోనా’ ఆ లెక్క ప్రకారం చిత్రాలను మలచగా, ‘ఎన్‌బ్లెండ్’ అతుకు కనబడకుండ కలుపుతుంది. సన్నని వివరాలను ఇరుకైన పట్టీలోను, విశాలమైన వెలుగునీడలను వెడల్పైన పట్టీలోను కలిపే ఈ ఉపాయాన్ని బర్ట్, అడెల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1983లోనే ప్రకటించారు.

జత బిందువు అంటే యేమని ఉర్దూ విభాగపు మిత్రులొకరు అడిగారు. దూరం పోనక్కరలేక, పంజాగుట్ట పక్కనున్న ఎర్రమంజిల్‌ను చూపించాము. తెలుగువారు ఎర్రగడ్డ అని పిలిచిన గుట్టపై (ఈనాటి ఎర్రగడ్డ వేరు) నవాబు ఫక్రుల్ ముల్క్ ఆ సౌధం కట్టించాడు. పారశీకంలో స్వర్గవనానికి ఇరం అని పేరు. గుట్ట పేరుకు దగ్గరగా ధ్వనించేటట్లు దానికి ఇరం మంజిల్ అని పేరు పెట్టాడంటారు. పారశీకం చదివినవారు ఇరం అన్నారు, మనవారు ఎర్ర అన్నారు. చిత్రం రెండైనా బిందువు ఒకటే. ఆ భవనాన్ని తొలగించి శాసనసభ కట్టాలని 2019లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించగా, ఆ యేడు సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసినది. భవనం కనుక న్యాయస్థానం దాకా వెళ్ళగలిగినది.

మా చిత్రంలో చిక్కు ఒక అరటిపండ్ల బండి వద్ద వచ్చినది. మూడవ చిత్రంలో అది కూడలి మూలనున్నది. నాలుగవదానికి పది అడుగులు జరిగినది. అతికితే ఒకే మనిషి రెండుచోట్ల కనబడుతున్నాడు. విద్యార్థి రెండుచోట్లను ‘పీటీఓ మాస్క్’తో కప్పివేశాడు. ఒక చిత్రంలో బండి ఉన్నచోట రెండవ చిత్రంలోని ఖాళీ నేల వచ్చి కూర్చున్నది. బండి మాయమైనది. పని ఎంత నైపుణ్యంగా జరిగినదంటే అక్కడ ఎవరూ లేరని ప్రమాణం చేయవచ్చును.

“సార్, పుట శుభ్రంగా ఉన్నది కదా!” అన్నాడు. సంపాదకవర్గంలో ఇద్దరు అదే మాట అన్నారు.

మేము సమ్మతించలేదు. వంగిన వంతెనను నిటారు చేయడం కటకం చేసిన దోషాన్ని దిద్దడం. వంతెన నిజంగా వంగిలేదు. బండి కటకం చేసిన దోషం కాదు. తెల్లవారుజామున పండ్లు కొని తెచ్చి, కూడలిలో నిత్యం పక్కకు పొమ్మనిపించుకొనే మనిషిని కళాశాల సంచిక కూడ పొమ్మనడం మాకు రుచించలేదు. పైగా ఈ సంచికలను గ్రంథాలయంలో బైండు కట్టించి ఉంచుతారు. ముప్పదియేండ్ల తరువాత చూచేవారికి పంజాగుట్ట ఇట్లే ఉండేదని మనమే చెప్పినట్లవుతుంది. చర్చ కొంత వేడిగానే జరిగినది.

ఇక్కడనే ఆ చిట్టా అక్కరకు వచ్చినది. అది మామూలు అక్షరాల ఫైలు. ఏ చిత్రం ఎంత తిరిగినదో, కటకం ఎంత దిద్దబడినదో అన్నియు అందులో ఉంటాయి. కప్పివేసిన ప్రతి భాగమూ ‘కె’ అక్షరంతో మొదలయ్యే ఒక పంక్తిగా నమోదవుతుంది. మా ఫైలులో అట్టివి రెండు పంక్తులు. మూడవ చిత్రానికి చెందినదానిని తీసివేసి, రెండవదానిని ఉంచి, చివరి ఆజ్ఞలు మరల నడిపించాము. బండి ఒక్కచోట, కూడలి మూలన, నిలిచినది. బస్సు కూడ ఈసారి పూర్తిగా వచ్చినది.

చిత్రం కింద ‘ఏడు ఛాయాచిత్రాల కూర్పు’ అని వేయించాము. చిట్టా, మూలచిత్రాలు గ్రంథాలయంలోని కంప్యూటరులో ఉన్నవి. చూడగోరిన విద్యార్థులు పెన్‌డ్రైవు వెంట తెచ్చుకొనవలె, చిత్రాలు పెద్దవి.