మురుగు కాల్వకు అటూ ఇటూ

గోదావరి డెల్టాలో నీరు రెండు రకాల కాల్వల్లో నడుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల పొలాలకు నది నీటిని చేరవేసేవి పంట కాల్వలు కాగా, పొలాలు వదిలిన నీటిని, వాన నీటిని పోగుచేసి సముద్రం దాకా తీసుకుపోయేవి మురుగు కాల్వలు. వీటినే ఇక్కడ డ్రెయిన్లంటారు. మొదటివాటికి లాకులు, నీళ్ళు వదిలే లస్కర్లు, వంతులు ఉన్నాయి. రెండోవాటిలోని నీటిని గురించి అడిగే నాథుడు లేడు. ఎర్రకాల్వ నీటితో నందమూరు అక్విడెక్టు దాటివచ్చే యనమదుర్రు డ్రెయిను దారిపొడవునా పొలాల మురుగును, ఊళ్ళ మురుగును కలుపుకొంటూ భీమవరం చేరేసరికి, గట్టు మీద నిలబడినవారు ముక్కు మూసుకోవలసిన స్థితిలో ఉంటుంది.

ఇలాంటి వ్యర్థజలాన్ని శుద్ధిచేసి సాగుకు మళ్ళించడం, అందులో మిగిలిన పోషకాలతో శైవలాలను, అంటే నీటిలో పెరిగే నాచుజాతి సూక్ష్మ జీవులను పెంచడం అనగానే రాజమహేంద్రవరం హుకుంపేటలోని మురుగు శుద్ధి కేంద్రం వంటివి గుర్తుకు వస్తాయి. అటువంటి కేంద్రాలు అవసరమే, చాలినన్ని లేవు కూడా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రోజుకు సుమారు 288 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతుండగా, కట్టిన శుద్ధి సామర్థ్యం 83 కోట్ల లీటర్లే. అయితే శైవలాలను పెంచే విద్య తెలిసిన మనిషి కోసం వెతికేవారు అటు కాక, ఉండి నుంచి ఆకివీడు పోయే దారిలోని చేపల చెరువుల గట్ల మీదికి వెళ్ళాలి.

అక్కడ చెరువు చూసుకునే మనిషి లుంగీ ఎగగట్టి, మోకాలి లోతు నీటిలోకి దిగి, మణికట్టు దగ్గర అరచేతిని అడ్డంగా వంచి, చేతిని నిటారుగా నెమ్మదిగా కిందికి దించుతాడు. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి కనుమరుగైతే నీరు మరీ చిక్కబడిందని, మోచెయ్యి దాటినా వేళ్ళు కనిపిస్తుంటే నీటిలో మేత లేదని, మోచేతి దగ్గర మాయమైతే సరిపోయిందని అతని లెక్క. ఈ చిక్కదనాన్నే ఆక్వా రైతులు కలర్ రావడం అంటారు. కలర్ రాకపోతే కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేటు పడతాయి. ఎక్కువైతే పైనుంచి వేసే మేత తగ్గిస్తారు. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి 1865లో నీటి స్వచ్ఛతను కొలవడానికి వాడిన తెల్లని పళ్ళెం చేసే పనినే ఈ చెయ్యీ చేస్తుంది, పైగా నీటి వెచ్చదనాన్ని, జిగురును కూడా అదే ముంచులో పసిగడుతుంది. నీటి మీద నీలి ఆకుపచ్చ తెట్టు కట్టిందంటే అది చేపకు పనికిరాని నాచని, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే రాత్రంతా ఆ నాచే ప్రాణవాయువును తాగేసిందని అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. ఇంత తెలిసిన మనిషిని కాపలాదారు కింద జమకట్టడం విద్యపట్ల చూపే చిన్నచూపు తప్ప మరొకటి కాదు.

అతడు కాపాడే నీటి విలువ కూడా చేపలు పట్టే నాడు డ్రెయిను పాలవుతుంది. చేపకు వేసిన తవుడు, చెక్కలలోని నత్రజనిలో చేప ఒంట పట్టేది సుమారు మూడోవంతే. మిగిలినది నీటిలో, అడుగు బురదలో ఉండిపోతుంది. గట్టుకు ఇవతల బొచ్చె, శీలావతి చేపలను పెంచిన ఎరువు నీరు తూము గుండా మురుగులో కలుస్తుంటే, గట్టుకు అవతలి రైతు యూరియా బస్తా మోసుకువస్తాడు. డ్రెయిన్లోకైతే అడక్కుండానే వదిలేత్తారు గానీ మా బోదెలోకి ఒక్క పూట పెట్టరండీ అన్న శివారు రైతు గొణుగుడుకు సమాధానం చెప్పవలసిన శాఖలు ఒకటి కాదు. చేపలది ఒకరు, పంట కాల్వ ఒకరు, డ్రెయిను మరొకరు చూస్తారు. రొయ్యల చెరువుల ఉప్పునీటి సంగతి వేరు. అది వరి చేలో పడితే నేల చౌడుబారుతుంది గనుక ఈ మాట మంచినీటి చేపల చెరువులకే వర్తిస్తుంది.

చెరువుల్లోని ఈ విద్యే మురుగు శుద్ధికీ పనికొస్తుంది. సూర్యరశ్మిలో శైవలాలు విడిచే ప్రాణవాయువుతో బాక్టీరియా మురుగును కుళ్ళబెడుతుందని, అలా వెలువడిన బొగ్గుపులుసు వాయువుతో శైవలాలు తిరిగి పెరుగుతాయని కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950ల్లో వివరించాడు. కోల్‌కతా తూర్పు చిత్తడి నేలల్లో జాలరులు నగర మురుగును లోతు తక్కువైన చెరువుల్లో ఎండకు నిలవుంచి, నాచు పెంచి, దానితో చేపను పెంచి, మిగిలిన నీటిని వరికి పెట్టడం అంతకుముందు నుంచే చేస్తున్నారు. ఆ 12,500 హెక్టార్లకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చిన 2002 ఆగస్టు 19నే మన కొల్లేరు సరస్సుకూ వచ్చింది. కొల్లేటిలో మితిమీరి తవ్విన చెరువులను 2006లో కొట్టేయడం చట్టప్రకారం సబబే. కానీ సరస్సులోకి వచ్చే మురుగును దారిలోనే కోల్‌కతా తరహా చెరువుల్లో ఆపి శుద్ధిచేయాలన్న ఆలోచన ఆ కూల్చివేతతో పాటు ఎందుకు సాగలేదన్నది అడగదగిన ప్రశ్న.

మురుగు నీటిని సాగుకు వాడటం డెల్టాకు కొత్త కూడా కాదు. దాళ్వాలో, అంటే రబీ వరికి, నీరు చాలని ఏళ్ళలో డ్రెయిన్లకు అడ్డుకట్టలు వేయించి, ఆయిల్ ఇంజన్లతో ఆ నీటినే తోడి శివారు చేలకు పెడతారు. పచ్చిగా తినే కూరగాయలకు పెట్టే నీటిలో 100 మిల్లీలీటర్లకు 1,000 మించి మలసంబంధ కోలిఫాం బాక్టీరియా ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో హద్దు పెట్టింది. వరికి అంత కట్టడి అవసరం లేకపోయినా, ఆ నీటిలో రోజంతా కాళ్ళు పెట్టి నాట్లు వేసే కూలీల ఆరోగ్యం ఆ లెక్కలోకి రావాలి. ఇంజను అద్దె ఎంత, డీజిలు ఎంత అన్నది ఎకరాల వారీగా లెక్కగడతారు. తోడే నీటిలో ఏముందో చూడటానికి కావలసినది ఒక సీసా, దగ్గరి కళాశాల ప్రయోగశాల, దాళ్వా నాట్లకు ముందు ఒక వారం మాత్రమే.