ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండేదే!

వంటింట్లో గడిపేవాళ్ళకి కాలడం గురించి ఇంకొకరు చెప్పాలా? పోపు మాడుతుంది, అన్నం అడుగంటుతుంది, కుంపటి రాజుకుంటుంది, పట్టుకునే మసిగుడ్డ సెగకి తగిలితే కమురు వాసనొస్తుంది, చెయ్యి చురుక్కుమంటుంది. ఒక్కోసారి ఒళ్ళు కూడా మండుతుంది! ఇన్ని మాటలున్న మనల్ని కూడా బోల్తా కొట్టించే ఇంగ్లీషు మాట ఒకటుంది. అదే ఇన్‌ఫ్లేమబుల్.

మేముండేది ఎల్బీ నగర్‌లో. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయి, మధ్యాహ్నాలు తీరిక దొరికాక, దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. మూడో స్టేషనే కాబట్టి పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇంట్లో ఉంటాను. క్లాసులో ఎక్కువమంది ఉద్యోగ పరీక్షలకి చదువుకునే పిల్లలు. నాలాంటి గృహిణులం ఓ నలుగురం ముందు బెంచీలో కూర్చుంటాం.

ఆ రోజు సారు మాట ముందు 'ఇన్' చేరితే అర్థం ఎలా తిరగబడుతుందో చెప్తున్నారు. కరెక్ట్‌కి ఇన్‌కరెక్ట్, విజిబుల్‌కి ఇన్‌విజిబుల్, కంప్లీట్‌కి ఇన్‌కంప్లీట్. అందరం చకచకా రాసుకుంటున్నాం. నా పక్కన కూర్చునే ఆవిడ మెల్లగా అడిగింది. "సార్, మరి ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిదనేగా? మా ఇంట్లో రంగులేస్తున్నారు. తిన్నర్ డబ్బా మీద అదే రాసుంది. మండనిదే కదా అని వంటింటి గట్టు కింద, సిలిండర్ పక్కన పెట్టించాను."

సారు చేతిలో మార్కరు కింద పెట్టేశారు. "అమ్మా, మీరు ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి. అర్థం తర్వాత చెప్తాను" అన్నారు.

ఆవిడ అక్కడే ఫోన్ కలిపింది. "అత్తయ్యా, స్టవ్ వెలిగించారా? వద్దు వద్దు, ఆగండి. ముందు ఆ తిన్నర్ డబ్బా బాల్కనీలో పెట్టించండి. కిటికీలన్నీ తెరిచెయ్యండి. నేనొచ్చాక చెప్తాను ఎందుకో." క్లాసంతా నిశ్శబ్దం. అవతల్నుంచి డబ్బా తీయించానని పెద్దావిడ చెప్పేదాకా ఎవరం మాట్లాడలేదు.

తిన్నర్ మూత సరిగ్గా పడకపోతే ఆవిరి కంటికి కనపడకుండా బయటికొస్తుంది. అది గాలికంటే బరువు కాబట్టి పైకి పోదు, నేల మీదే పాకుతుంది. డబ్బా ఒకచోట, మంట ఒకచోట ఉన్నా ఆ ఆవిరి వెళ్ళి నిప్పు తెచ్చుకోగలదు. గ్యాసు లీకైనా అంతే, కిందనే పేరుకుంటుంది. గట్టు కింద అంటే రెండూ చేరే చోటన్నమాట.

ఇక మాట సంగతి. ఇంగ్లీషులోకి లాటిన్ నుంచి వచ్చిన 'ఇన్'లు రెండున్నాయట. ఒకటి 'కాదు' అని చెప్పేది. ఇంకోటి 'లోపలికి' అనే అర్థమిచ్చేది. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నది ఈ రెండోది. లాటిన్‌లో ఇన్‌ఫ్లమారె అంటే మంట పెట్టడం. కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అన్నా, ఫ్లేమబుల్ అన్నా ఒక్కటే, ఇట్టే అంటుకునేదని. మండనిదాన్ని నాన్‌ఫ్లేమబుల్ అనాలి.

ఈ తికమక మనకే కాదు, ఇంగ్లీషు వాళ్ళకీ ఉంది. ఇన్‌ఫ్లేమబుల్ పాతమాట. ఫ్లేమబుల్ 1813 ప్రాంతంలో గాని కనపడలేదు. ఈ 'ఇన్' చూసి జనం పొరబడి ప్రమాదంలో పడతారని, 1920ల్లో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఫ్లేమబుల్ అనే మాటే వాడమని ప్రచారం చేసింది. మన దగ్గర మాత్రం పాతమాట ఇంకా తిరుగుతూనే ఉంది. విజయవాడ హైవే మీద వెళ్ళే పెట్రోలు ట్యాంకర్ల వెనక చూడండి, 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసుంటుంది.

ఈ మాటకి చుట్టాలు కూడా ఉన్నారు. మా అత్తయ్య మోకాళ్ళకి డాక్టరు రాసిన బిళ్ళని యాంటీ ఇన్‌ఫ్లమేటరీ అంటారు. ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపు, మంట. ఎరుపు, వాపు, వేడి, నొప్పి దాని లక్షణాలని రెండువేల ఏళ్ళ కిందటే సెల్సస్ అనే రోమన్ రచయిత రాశాడు. మనం కూడా పొయ్యిలో మంటకీ, కంట్లో మంటకీ ఒకే మాట వాడతాం కదా! జనాన్ని రెచ్చగొట్టే ప్రసంగాన్ని కూడా ఇన్‌ఫ్లమేటరీ స్పీచ్ అంటారు. అదీ నిప్పు పెట్టేదే.

ఇంటికొచ్చాక డబ్బాలన్నీ తిరగేశాను. గోళ్ళ రంగు తుడిచే ద్రావకం, శానిటైజర్, మా అబ్బాయి బాడీ స్ప్రే. చాలా స్ప్రేల్లో మందుని బయటికి తోసేది బ్యూటేన్, ప్రొపేన్. మన సిలిండర్లో ఉండేవీ అవే. శానిటైజర్ సీసా దేవుడి గూట్లో దీపం పక్కనే ఉంది, అత్తయ్య పూజకి ముందు చేతికి రాసుకుంటారని. దాన్ని తీసి వాష్‌బేసిన్ దగ్గర పెట్టాను.

నన్ను బాధపెట్టిందేమిటంటే, ఆ డబ్బాల మీద హెచ్చరిక ఉంది, కానీ ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. ఇంట్లో నిప్పుకి అందరికంటే దగ్గరగా ఉండేది మనం, మన అత్తగార్లు, పనికొచ్చే అమ్మాయి. ఆ మాట అందాల్సింది మాకు. నా పక్కావిడ చదవకుండా పెట్టలేదు. చదివి, నేర్చుకున్న సూత్రం ప్రకారం అర్థం చేసుకునే పెట్టింది. ఆ రోజు సిగ్గుపడి అడక్కుండా ఊరుకుని ఉంటే?

అందుకే మార్కరు తీసుకుని ఒక్కోదాని మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో 'మండుతుంది' అని రాశాను. చదవడం రాని మా పనమ్మాయికి, కొన్ని డబ్బాల మీద ఎర్ర గీతల డైమండ్‌లో ఉండే మంట బొమ్మని చూపించాను. ఆ బొమ్మ లేనివాటి మీద నేనే గీశాను. "ఇది కనపడితే పొయ్యి దగ్గరికి తేవద్దు" అంటే, "బొమ్మ బాగానే తెలుస్తోందిలే అక్కా" అంది.

మీరూ ఇవాళ ఒకసారి గట్టు కింద చూసుకోండి.