బస్సు కిటికీలోంచి చదివిన మాట

 

మన దిక్కు లీడరు ఒకాయన దుబాయ్ వచ్చిండంటే సోనాపూర్ క్యాంపు నుంచి ఎనిమిది మందిమి పోయినం. వారానికి ఒక్క సెలవు, అదీ పాయె. శాలువలు కప్పుడుకే గంట పట్టింది. మా చెమట గురించి మస్తు మాట్లాడిండు. మాలో ఒకడు లేసి, "సార్, రెండు నెలల జీతం ఆగింది, ఏం జెయ్యాలె?" అని అడిగిండు. "చూద్దాం" అనుకుంట పీఏను చూపిచ్చిండు. ఆ పీఏ ఇయ్యాల్టికీ ఫోన్ ఎత్తలే.

వాపసు వచ్చేటప్పుడు బస్సుల ఎవ్వరం మాట్లాడలే. షేక్ జాయెద్ రోడ్డు మీద నైకీ బూట్ల హోర్డింగు కనబడ్డది. మాలో టెన్త్ చదివినోడు చదివిండు: "జస్ట్ డూ ఇట్". అంటే ఏందిరా అంటే, "ఊకె ఆలోచించకు, చేసెయ్" అన్నడు. "గీ ఒక్క మాట ఆ సారు చెప్తే అయిపోతుండె గదా!" అన్నడు మా రూం పెద్దన్న. అందరం నవ్వినం.

తెల్లారి రాత్రి ఫోన్ల కార్మిక శాఖ యాప్ తెరిచినం. ఫిర్యాదు పెట్టాలంటే భయం. వీసా కొట్టేస్తరేమో, ఊర్ల అప్పు అట్లనే ఉన్నది. బటన్ మీద వేలు పెట్టి అరగంట కూసున్నం. ఎవడో వెనుక నుంచి "జస్ట్ డూ ఇట్" అన్నడు. నొక్కేసినం. యూఏఈల 2009 నుంచి డబ్ల్యూపీఎస్ అని ఉన్నదట, జీతం బ్యాంకు లైన్లనే పడాలె, పడకుంటే సర్కారుకు తెలుస్తదట. ఇన్నేండ్లు ఇక్కడ ఉండి మాకు గీ ముచ్చట ఎవ్వలూ చెప్పలే.

ఆ నినాదం 1988ల వచ్చిందట. రాసిన డాన్ వైడెన్, 1977ల అమెరికాల మరణశిక్ష అమలైన ఒక ఖైదీ ఆఖరి మాట నుంచి తీసుకున్నడట. అది చదివినంక రూంల కొద్దిసేపు సప్పుడు లేదు.

ఇంకోటి. పెద్దన్న కొడుకు ఇంటర్‌ల లెక్కలు తప్పిండు, ఫోన్ల ఒకటే ఏడుపు. అన్నకు ఏం చెప్పాల్నో తోచలే. పక్క బెడ్ మీద సిమెంటు అంటిన డ్యూటీ బట్టలు చూసి, టీవీల సర్ఫ్ యాడ్ యాదికొచ్చి, "మరక మంచిదే బిడ్డా" అన్నడు. అటు దిక్కు పిలగాడు ఏడుసుకుంటనే నవ్విండు. సప్లిమెంటరీకి ఫీజు కట్టిండు.

అట్లని యాడ్లోల్లు మన చుట్టాలేం కాదు. సబ్బు అమ్ముకునుడే వాళ్ల పని. కానీ పైసల కోసమే అని దాచకుండ చెప్తరు, మనతోని చప్పట్లు కొట్టిచ్చుకోరు.

ఇరవై రోజులకు ఒక నెల జీతం పడ్డది. టెన్త్ చదివినోడు మాల్‌కు పోయి ఆ బూట్లు చేతిల పట్టుకొని చూసిండు. వెల మా నెల మెస్సు ఖర్చు కంటే ఎక్కువున్నది. పెట్టేసి వచ్చిండు, అదే రాత్రి పైసలు ఇంటికి కొట్టిండు.

రెండో నెలది ఇంకా రావాలె.