పరగడుపు లెక్క

2021 మే నెల. పాశమైలారంలో లేత్ మెషీన్ మీద పనిచేసే నలభై ఏళ్ల మనిషిని భార్య ఆటోలో బీరంగూడలో నా దగ్గరికి తీసుకొచ్చింది. కొవిడ్ వచ్చి పన్నెండో రోజు. జ్వరం తగ్గింది, ఆక్సిజన్ 96. ‘దూప ఆగుతలేదు సార్. రాత్రి ఐదారుసార్లు లేస్తుండు’ అందామె. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 486.

‘నాకు షుగర్ లేదు సార్’ అన్నాడాయన. ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు మరి. గత కొన్ని నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. పన్నెండు రోజుల్లో అంత పెరగదు. షుగర్ ఎప్పటినుంచో ఒంట్లోనే ఉంది. దానిమీద వైరస్ తెచ్చిన వాపు, ఆపైన స్టెరాయిడ్. ఎవరిదో చీటీ ఫోన్‌లో చూసి మొదటి రోజు నుంచే ఆ మాత్రలు మింగాడట. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ చెప్పిన మాట నిజమే. కానీ ఆ మేలు ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. ఈయనకు ఆ అవసరమే రాలేదు.

ఆయన్ను చూస్తుంటే అంతకు మూడు వారాల ముందటి అమీన్‌పూర్ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమెకు స్టెరాయిడ్ తప్పనిసరే. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక రోజూ పొద్దున ఫోన్‌లో పరగడుపు షుగర్ చెప్పేవారు: 118, 124. బాగుందనేవాణ్ణి. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ మధ్యాహ్నం నుంచి చక్కెరను ఎగదోస్తుంది, తెల్లారేసరికి చక్కెర దిగిపోతుంది. చదువుకున్న సంగతే. అయినా సాయంత్రం చూడమని చెప్పలేదు. బుగ్గ నొప్పి, ముక్కులోంచి నల్లటి చీము మొదలయ్యాక చూస్తే 410. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి పంపాను. రాష్ట్రమంతటి నుంచీ బ్లాక్ ఫంగస్ రోగులు అక్కడికే వెళ్తున్న రోజులు, దానికిచ్చే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్‌కు కరువొచ్చిన రోజులు. ఆ డాక్టర్లు ఆమె ప్రాణం నిలబెట్టారు. కుడి కన్ను పోయింది. మే 20న ప్రభుత్వం ఆ జబ్బును తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. నాకు అప్పటికే ఆలస్యమైంది.

అందుకే లేత్ పనివాడికి చీటీలో ‘సాయంత్రం 5’ అని పెద్ద అక్షరాలతో రాశాను. ఇన్సులిన్‌తో ఆరు వారాలు గడిచాయి, తర్వాత మాత్రలు. డ్యూటీలో చేరిన వారానికే నోట్‌బుక్కు పట్టుకుని మళ్లీ వచ్చాడు.

‘నైట్ షిఫ్ట్ ఉన్నప్పుడు పరగడుపంటే ఏ పూట సార్?’

ఇద్దరం కూర్చుని ఆయన షిఫ్టులు, తిండి వేళలు, నిద్ర వేళలు కాగితం మీద రాసుకున్నాం. వాటి పక్కన సూది గుచ్చుకోవాల్సిన గంటలు వేసుకున్నాం.