సూరత్‌లో రేకుల కప్పు కింద

ముంబయి నుండి ఉత్తరంగా పోయే రైలు తపతీ నది వంతెన ఎక్కకముందే సూరత్ వస్తుంది. దానికి ముందు స్టేషను ఉధనా. అక్కడినుండే మరమగ్గాల చప్పుడు చెవిని పడుతుంది. ఈ నగరానికి పట్టు, జరీ, వజ్రాల వ్యాపారం వలన వచ్చిన కీర్తిని గురించి పాఠకులు వినియే ఉంటారు. ఇక్కడ తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నవన్న సంగతి మాత్రం చాలమందికి తెలియదు. నగరపాలక సంస్థ వీరి పిల్లలకోసం తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడ నడుపుతున్నది.

నేను వెళ్ళినది ఏప్రిల్ నెలలో. ఉష్ణమాపకం ఇక్కడ రామగుండంలో చూపినంత వేడి చూపదు. అయినా సముద్రం దాపున ఉండటంవలన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. చలిదేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచడం ఎట్లా అన్నది ప్రజలందరి సమస్య. డెన్మార్కులో 1979 లోనే ఇందుకొక చట్టం చేసి, ప్రతి ఊరూ తన ఇళ్ళకు వేడి ఎక్కడినుండి రావాలో ముందుగా ఆలోచించుకోవలెనన్నారు. సూరత్‌లో కుంపటి అవసరం లేదు. ఇక్కడ ఇంట్లో చేరిన వేడిని బయటికి పంపడమే సమస్య.

లింబాయత్‌లో ఒక నేతకార్మికుని ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, సిమెంటు రేకుల కప్పు. ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోవాలి. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడినవానికి ఆ నిద్రే ఆస్తి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆయన మంచంమీద లేచి కూర్చుని ఉన్నాడు.

“పండుకుంటే పైనుంచి రేకులు కాలుస్తయి సార్. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే మీద పడ్తది” అన్నాడు.

మాట నిజమే. ఎండకు కాగిన రేకు తన వేడిని కిందికి వెదజల్లుతుంది. పైగా పాత రకం ఫ్యానుకు 75 వాట్ల కరెంటు కావాలి. కొత్తగా వచ్చిన బ్రష్ లేని మోటారు ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలు. రోజుకు పది గంటలు తిరిగినా నెలకు 13 యూనిట్లు మిగులుతాయి. కాని ఏ ఫ్యానైనా కప్పు వేడిని తగ్గించలేదు. దానికి మందు కప్పుమీదనే వేయాలి. తెల్లని సున్నపు పూత ఎండలో చాల భాగాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. గుజరాతులో పగిలిన పింగాణీ పెంకులను డాబాలమీద పరచే అలవాటు ఎప్పటినుండో ఉన్నది. అదీ ఈ సూత్రమే. సున్నానికి ఖర్చు స్వల్పం, అయితే వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటేటా వేయాలి.

మరి వేయరేమి? ఇల్లు అద్దెది. చల్లదనం అద్దెవానికి దక్కుతుంది గనుక యజమాని ఖర్చు పెట్టడు. వచ్చే ఏడు ఈ ఇంట్లో ఉంటాడో లేదో తెలియదు గనుక అద్దెవాడూ పెట్టడు. ఇద్దరి లెక్కా సరైనదే. మధ్యన రేకు మాత్రం కాలుతూనే ఉన్నది. నాకు తోచినంతవరకు అసలు చిక్కు ఇదే. దీనిని ఏ ఇంజనీరూ తీర్చలేడు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగవలసి ఉన్నది.

నలుగురిని అడగడం సూరత్‌కు కొత్త కాదు. 1994 లో ప్లేగు, 2006 ఆగస్టులో వరద ఈ నగరానికి గట్టి పాఠాలు నేర్పాయి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 2008 లో ఆసియా నగరాలకోసం ప్రారంభించిన కార్యక్రమంలో సూరత్ చేరింది. నగరపాలక సంస్థ, వర్తక సంఘం, విద్యావేత్తలు కలసి చర్చించి, 2011 లో వాతావరణ మార్పును తట్టుకునే ప్రణాళిక తయారుచేశారు. ఇండ్ల కప్పులను చల్లబరచే ప్రయోగాలు కూడ తరువాత జరిగాయి. కరెంటు ధరల విషయంలోనైతే అడగడం చట్టమే: 2003 విద్యుచ్ఛక్తి చట్టం 64వ సెక్షను ప్రకారం, పంపిణీ సంస్థ తన ప్రతిపాదనను ప్రకటించాలి, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించిన తరువాతనే కమిషను ఉత్తర్వు ఇవ్వాలి.

ఇండ్ల విషయంలో ఇంత హక్కు లేదు. నివాసగృహాలకు 2018 లో కేంద్రం వెలువరించిన శక్తి పొదుపు నియమావళి 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకే వర్తిస్తుంది. ఈయన సొంత రాష్ట్రమైన తెలంగాణ 2023 లో చల్లని కప్పుల విధానం ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు లక్ష్యంగా పెట్టుకున్నది. ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ళకు అందులో చోటున్నది. ప్రైవేటు ఇళ్ళలో 600 గజాలకు లోపు స్థలమున్నవారికి మాత్రం అది ఐచ్ఛికం. లింబాయత్‌లోని ఆ గది ఏ నియమంలోను ఇమడదు.

“మిమ్ములను ఎవరైనా అడిగారా?” అన్నాను.

“ఎవరో వచ్చిన్రట సార్. నేను డ్యూటీల ఉంటి. గుజరాతీల మాట్లాడిన్రట, ఈమెకు సమజ్ కాలే.”

తెలుగులో పాఠాలు చెప్పించగల నగరం తెలుగులో ఒక ప్రశ్న అడగలేదా అని నాకు అనిపించింది. ఒడియా కార్మికులకు ఒడియాలో, మరాఠీవారికి మరాఠీలో అడగడమూ అంతే సులువు. ఆ భాషలలోనూ మునిసిపల్ బడులున్నవి.

సాయంత్రం ఆయన టిఫిను డబ్బా పట్టుకుని మగ్గాలవైపు బయలుదేరాడు. నేనూ లేచాను. ఇంటి ఇల్లాలు గడపదాకా వచ్చి, “మళ్ళ మీటింగు పెడితే పొద్దుమూకినంక పెట్టొద్దని చెప్పండ్రి సార్. అప్పటికి ఈయన ఇంట్ల ఉండడు” అన్నది.