ముదినేపల్లి పెరటిలో ఒక ఉదయము

మా ఇంటి కుక్క పొరుగువారి పిల్లలకోడిని పట్టి చంపిన నాటినుండి, తల్లిని కోల్పోయిన ఆ కోడిపిల్లల కూత నా చెవులలో మ్రోగుచునే యుండుటచేత, ముదినేపల్లిలో మాకు దూరపు బంధువైన ఒక వృద్ధురాలు కుక్కను కోళ్లను ఒకే పెరటిలో నెమ్మదిగా మెలగునట్లు పెంచుచున్నదని విని, ఆ విధానమును కన్నులార చూడవలెనని ఒక మాఘమాసపు తెల్లవారుజామున గుడివాడలో బస్సెక్కితిని. దారి పొడవునను చేపలచెరువులే. 2022లో ఏలూరు జిల్లాలో చేరినను మాటతీరున ఈ మండలమువారు కృష్ణాజిల్లావారే.

పెరటిలో కొబ్బరిచెట్ల నడుమ, చేపలపట్టుకు పనికిరాని పాతవలను వెదురుగుంజలకు బిగించి కట్టిన దడి యున్నది. దానిలోపల నాటుపెట్టలు ఏడు, డేగపుంజు ఒకటి, హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనాసంస్థవారు పెరటిపెంపకమునకై రూపొందించిన వనరాజాలు మూడు. నాటుపెట్ట ఆపద వచ్చిన చప్పున గోడ యెక్కును. బరువైన వనరాజాకు ఆ చురుకుదనము లేదు గనుక వానిపట్ల ఆమెకు జాగ్రత్త మెండు.

దడికి వెలుపల రెండేండ్ల నల్లకుక్క కర్రి పండుకొని యుండెను. దానిని చూచి నేను ఆశ్చర్యపడగా ఆమె, "కోళ్లంటే దీనికి ప్రేమని అనుకోకు బాబూ. కోడి కనపడగానే నా మొహం చూడటం నేర్పాను, అంతే," అన్నది.

ఆ ముఖము త్రిప్పుటకే రెండు మాసములు పట్టినదట! నేను వెళ్లిననాడు నాలుగు నెలల కుక్కకూనకు పాఠము జరుగుచుండెను. చెరువుగట్టు వెంబడి పరుగెత్తించి, అలసట కలిగిన పిదప, మెడపట్టెకు పగ్గము కట్టి దడికి పదియడుగుల దూరమున నిలిపినది. ఇంతలో ఒక పెట్ట రెక్కలు టపటప కొట్టెను. కూన చెవులు నిక్కినవి, తోక కదలిక మాని కర్రవలె బిగిసినది, కన్ను రెప్పవేయలేదు. ఉరుకుటకు ముందు వచ్చు ఆ నిశ్చలక్షణముననే ఆమె మెల్లగా పేరు పెట్టి పిలిచినది. అది తల త్రిప్పినంతనే, ముళ్లు తీసిన ఉడికిన చేపముక్క నోటికందినది. ఉరికిన తరువాత పిలిచిన ఏమి ప్రయోజనము? తల త్రిప్పనినాడు కొట్టుట లేదు, తిట్టుట లేదు. నాలుగడుగులు వెనుకకు తీసికొని పోయి మరల మొదలు. దినమునకు రెండుమారులు, పట్టుమని పది నిమిషములు మాత్రమే.

నా బాల్యమున, కోడిని చంపిన కుక్క మెడకు ఆ చచ్చిన కోడినే కట్టి, కుళ్లిపోవువరకు త్రిప్పుట చూచితిని. ఆ మూగజీవి మనుష్యులను చూచి వణక నేర్చినదే గాని కోళ్లను విడువలేదు. ఆ క్రౌర్యమును శిక్షణ యనుకొన్నవారిలో నేనును ఒకడనై యుంటినని తలచి ఆనాడు మిక్కిలి బాధపడితిని.

"గంపకింద కోడిపిల్లల్ని వదిలేటప్పుడు మాత్రం కర్రినైనా కట్టేస్తాను. ఉరికేదాన్ని చూస్తే ఉరకటం వాటి పుట్టుక," అన్నది ఆమె. రాత్రి కోళ్లగూటికి గొళ్లెము తప్పదు. కుక్క అన్నపుగిన్నె దడి ఛాయలకు రాదు.

కొంతసేపటికి కాఫీ తెచ్చుటకై లేచి, కూనను గుంజకు కట్టి, కర్రిని వెంటబెట్టుకొని లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసినది.